డెనాలీ మీదుగా చిన్న విమానంలో: వెళ్లే ముందు అందరూ అడిగే ప్రశ్నలు

అలాస్కాలో టాల్కీట్నా అనే చిన్న ఊరుంది. అక్కడి నుంచి డెనాలీ పర్వతం మీదికి, దాని చుట్టూ ఉన్న గ్లేసియర్ల మీదికి చిన్న విమానాల్లో తీసుకెళ్తారు. నేను ఆ ఊరికి మూడుసార్లు వెళ్లాను, రెండుసార్లు ఎగిరాను, రెండోసారి ఎగిరింది అమ్మానాన్నలతో. అప్పటి నుంచి టెక్సాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న తెలిసినవాళ్లు వేసవి ప్లాన్ వేసుకునేటప్పుడల్లా ఫోన్ చేసి దాదాపు ఇవే ప్రశ్నలు అడుగుతున్నారు. అందుకే అన్నీ ఒకచోట రాస్తున్నాను. ముందుగా ఒక్క మాట: ఈ ఫ్లైట్‌కి డబ్బు ఎంత సర్దుకున్నారన్నదానికంటే చేతిలో ఎన్ని రోజులు ఉంచుకున్నారన్నదే ముఖ్యం. ఎందుకో కింద చదివితే తెలుస్తుంది.

ఇంతకీ ఈ ఫ్లైట్‌లో ఏం చేస్తారు?

ఆరుగురో పదిమందో పట్టే విమానం ఎక్కుతారు. అడవి, నదులు దాటి ఇరవై నిమిషాల్లో మంచుకొండల మధ్యలోకి వెళ్లిపోతారు. కొండల పైనుంచి కాదు, కొండల మధ్య నుంచి ఎగురుతారు, అదే ఇందులో విశేషం. తీసుకున్న టికెట్‌ను బట్టి గంట నుంచి గంటన్నర, ఒక్కోసారి ఇంకాస్త ఎక్కువ. కొన్నిటిలో విమానం గ్లేసియర్ మీద దిగుతుంది, మనం కిందికి దిగి మంచులో నడుస్తాం. మనవాళ్లు పుస్తకాల్లో హిమానీనదం అని చదువుకున్నది ఇదే, కానీ అక్కడ నిలబడే వరకు అందులో ‘నదం’ అన్న మాట ఎందుకుందో నాకు అర్థం కాలేదు.

టాల్కీట్నాకి ఎలా చేరాలి?

ముందు యాంకరేజ్‌కి విమానంలో రావాలి. అక్కడి నుంచి రోడ్డు మీద సుమారు 115 మైళ్లు, కారులో రెండు రెండున్నర గంటలు. పార్క్స్ హైవే మీద నుంచి కుడివైపుకి తిరిగి ఇంకో 14 మైళ్లు వెళ్తే ఊరొస్తుంది, రోడ్డు అక్కడితో ఆగిపోతుంది. కారు నడపడం ఇష్టం లేకపోతే వేసవిలో యాంకరేజ్ నుంచి అలాస్కా రైల్‌రోడ్ రైలు ఉంది, మూడు గంటల ప్రయాణం. పెద్దవాళ్లతో వెళ్తే రైలే హాయి. క్రూజ్‌లో వచ్చేవాళ్లలో చాలామందికి ఈ ఊరు ప్యాకేజీలోనే ఉంటుంది, కానీ వాళ్లకి ఇక్కడ దొరికేది ఒక్క రోజు, కొన్నిసార్లు ఒక్క పూట. అది ఎందుకు చాలదో వాతావరణం గురించిన ప్రశ్నలో చెప్తాను.

డెనాలీ అనాలా, మౌంట్ మెకిన్లీ అనాలా?

ఆ ప్రాంతంలో వేల ఏళ్లుగా ఉన్న అథబాస్కన్ ప్రజల భాషలో డెనాలీ అంటే ఎత్తైనది అని అర్థం. 1896లో ఒక బంగారు అన్వేషకుడు మెకిన్లీ అని పేరు పెట్టాడు, 1917లో ప్రభుత్వం దాన్ని ఖాయం చేసింది. 2015లో ఫెడరల్ ప్రభుత్వం డెనాలీ అని మార్చింది, 2025 జనవరిలో మళ్లీ మౌంట్ మెకిన్లీ అని మార్చింది. ఆ కొండ ఉన్న పార్కు పేరు మాత్రం డెనాలీ నేషనల్ పార్క్‌గానే ఉంది. టాల్కీట్నాలో నేను మాట్లాడిన ప్రతి ఒక్కరూ డెనాలీ అనే అన్నారు, నేనూ అలాగే రాస్తున్నాను. ఎత్తు 20,310 అడుగులు, ఉత్తర అమెరికాలో ఇంతకంటే ఎత్తైన కొండ లేదు.

నాలుగైదు రకాల టూర్లున్నాయి. ఏది తీసుకోవాలి?

పేర్లు కంపెనీని బట్టి మారతాయి గానీ, లోపల ఉన్నవి ఇవే. ఒకటి, కొండ దక్షిణ వైపు గ్లేసియర్లు, లోయలు చూపించి వెనక్కి తెచ్చే గంటసేపు ఫ్లైట్. రెండు, డెనాలీ చుట్టూ పూర్తిగా తిప్పే కొంచెం పొడవైన ఫ్లైట్, ఇందులో ఉత్తరాన ఉన్న విక్కర్‌షామ్ వాల్ అనే బ్రహ్మాండమైన మంచుగోడ కూడా కనిపిస్తుంది. మూడు, శిఖరం ఎత్తు దాకా, అంటే ఇరవై వేల అడుగులకి వెళ్లే ఫ్లైట్, దీనికి ఆక్సిజన్ మాస్క్ ఇస్తారు. మొదటి రెండింటికీ గ్లేసియర్ ల్యాండింగ్‌ని అదనంగా కలుపుకోవచ్చు.

నన్నడిగితే శిఖరం ఫ్లైట్ కంటే గ్లేసియర్ ల్యాండింగ్ ఉన్నదే తీసుకోండి. శిఖరం ఎత్తు నుంచి చూస్తే అన్ని కొండలూ కిందికి వెళ్లిపోతాయి, అది కూడా గొప్పగానే ఉంటుంది, కానీ ఆ గోడల ఎత్తు తెలియాలంటే వాటి కింద నిలబడి తల పైకెత్తాలి. డబ్బు ఒకదానికే సరిపోతుందనుకుంటే చిన్న టూర్ తీసుకుని దానికి ల్యాండింగ్ కలపండి, పెద్ద టూర్ తీసుకుని ల్యాండింగ్ వదిలేయకండి.

ఖర్చు ఎంత?

తక్కువ కాదు. మనిషికి మూడు వందల డాలర్ల పైమాటే, ల్యాండింగ్‌తో నాలుగైదు వందలు, పెద్ద టూర్లకి ఇంకా ఎక్కువ. ఏటా మారుతుంటుంది, అందుకే బుక్ చేసే రోజున చూసుకోండి. ల్యాండింగ్ పార్కు లోపల జరుగుతుంది కాబట్టి పార్కు ఫీజు ధరలో కలిపారో లేదో అడగండి. నలుగురున్న కుటుంబానికి ఇది ట్రిప్‌లోకెల్లా పెద్ద ఖర్చు అవుతుంది, అందుకని మిగతా చిన్నచిన్న టూర్లు రెండు మూడు మానేసి ఇది పెట్టుకోమంటాను.

వాతావరణం బాగోకపోతే డబ్బు పోతుందా?

డబ్బు పోదు. వాళ్లే రద్దు చేస్తే సాధారణంగా మొత్తం తిరిగి ఇస్తారు, లేదా ఇంకో టైమ్‌కి మారుస్తారు. పోయేది మీ అవకాశం.

డెనాలీ తన వాతావరణాన్ని తానే తయారుచేసుకుంటుందని అక్కడివాళ్లు అంటారు, అది కవిత్వం కాదు. దక్షిణాన సముద్రం వైపు నుంచి తేమ గాలి వస్తుంది, చుట్టూ రెండు వేల అడుగుల నేల మీద నుంచి ఒక్కసారిగా పద్దెనిమిది వేల అడుగులు లేచిన కొండ దానికి అడ్డం పడుతుంది, గాలి పైకెక్కి చల్లబడి మబ్బు అవుతుంది. ఊళ్లో ఎండ కాస్తుంటే కొండ మీద తుఫాను ఉండొచ్చు. పార్కుకి వచ్చేవాళ్లలో మూడో వంతు మందికి కూడా శిఖరం కనిపించదని పార్కువాళ్లే చెప్తారు.

మొదటిసారి నేను చేసిన పొరపాటు ఇదే. ట్రిప్ చివరి రోజుకి బుక్ చేసుకున్నాను. పొద్దున వెళ్తే సాయంత్రం చూద్దామన్నారు, సాయంత్రం మబ్బు ఇంకా కిందికి దిగింది, రాత్రికి యాంకరేజ్ వెళ్లి విమానం ఎక్కేశాం. తప్పు కంపెనీది కాదు, నా ప్లాన్‌ది. రెండోసారి వెళ్లినప్పుడు టాల్కీట్నాలో మూడు రాత్రులు పెట్టుకున్నాను, మొదటి రోజుకే బుక్ చేశాను. మొదటి రోజు రద్దు, రెండో రోజు మధ్యాహ్నం దాకా రద్దు, సాయంత్రం ఆరింటికి ఫోన్ వచ్చింది, ఇరవై నిమిషాల్లో రమ్మన్నారు. ఆ సాయంత్రం కనిపించినంత స్పష్టంగా కొండని మళ్లీ చూడలేదు.

కాబట్టి: ఫ్లైట్‌ని ట్రిప్ మొదట్లో పెట్టండి, వెనక కనీసం రెండు రోజులు ఖాళీ ఉంచండి, ఫోన్ ఛార్జింగ్‌లో ఉంచండి. కింద వాన పడుతున్నా నిరాశపడొద్దు, ఒక్కోసారి మబ్బు పొర తక్కువ ఎత్తులోనే ఆగిపోతుంది, విమానం దాన్ని దాటగానే పైన నీలం ఆకాశం, తెల్లటి కొండలు. పైలట్లకి ఆ సంగతి ముందే తెలుస్తుంది, ఎందుకంటే అంతకుముందు వెళ్లొచ్చిన విమానాలు రేడియోలో చెప్తూనే ఉంటాయి. మీరు కూడా చూసుకోవాలంటే అమెరికా విమానయాన శాఖ అలాస్కా అంతటా పెట్టిన వాతావరణ కెమెరాల చిత్రాలు ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉంటాయి.

ఏ నెలలో, ఏ టైమ్‌లో వెళ్తే మంచిది?

మే, జూన్. మంచు తాజాగా ఉంటుంది, ల్యాండింగ్ చోట్లు బాగుంటాయి, పర్వతారోహకులు బేస్‌క్యాంపులో ఉంటారు కాబట్టి వాళ్ల రంగురంగుల గుడారాలు పైనుంచి కనిపిస్తాయి. జులై తర్వాత మంచు మెత్తబడి పగుళ్లు బయటపడతాయి, ల్యాండింగ్ చోటు మార్చాల్సి రావచ్చు, కొన్ని రోజులు దిగడమే కుదరకపోవచ్చు. అయితే నీలిరంగు నీటి మడుగులు బాగా కనిపించేది ఆ నెలల్లోనే. వానలు కూడా ఆగస్టులో ఎక్కువ.

టైమ్ విషయానికొస్తే పొద్దున్నే గానీ సాయంత్రం గానీ. మధ్యాహ్నం ఎండకి కొండ వాలులు వేడెక్కి గాలి కదులుతుంది, కుదుపులు ఎక్కువ. జూన్‌లో అక్కడ రాత్రి పదకొండు దాటినా వెలుతురు ఉంటుంది, అందుకే సాయంత్రం ఏడింటి ఫ్లైట్ అన్నా ఆశ్చర్యపోవద్దు. ఆ వాలు ఎండలో మంచు బంగారు రంగులోకి తిరుగుతుంది, నీడలు పొడుగ్గా పడి ప్రతి పగులూ విడిగా కనిపిస్తుంది. ఖాళీ ఉంటే సాయంత్రమే అడగండి.

చిన్న విమానం, ఒకటే ఇంజిన్, పైగా కొండల మధ్య. భద్రమేనా?

అందరికీ ఉండే టెన్షన్ ఇది, దాచకుండా చెప్తాను. ప్రమాదం అస్సలు లేదు అని ఎవరైనా అంటే నమ్మకండి. 2018 ఆగస్టు 4న ఇలాంటి టూర్ విమానం ఒకటి డెనాలీకి దగ్గర్లో థండర్ మౌంటెన్ అనే కొండ శిఖరం కింద మంచులో కూలిపోయింది, పైలట్, నలుగురు ప్రయాణికులు అందరూ చనిపోయారు. ఆ రోజు మబ్బులు తక్కువ ఎత్తులో ఉన్నాయి.

ఇది తెలిసీ నేను అమ్మానాన్నల్ని తీసుకెళ్లాను. ఎందుకంటే వేసవిలో వాతావరణం బాగున్న రోజుల్లో అక్కడి నుంచి రోజూ విమానం వెనక విమానం వెళ్తుంటాయి, ఈ పైలట్లు అవే లోయల్లో పొద్దున నుంచి సాయంత్రం దాకా తిరుగుతుంటారు, చాలామందికి ఏళ్ల అనుభవం. టాల్కీట్నా నుంచి గ్లేసియర్ల మీద దిగడం అనేది నిన్న మొన్న టూరిస్టుల కోసం మొదలైంది కాదు. 1951లో బ్రాడ్‌ఫర్డ్ వాష్‌బర్న్ అనే పర్వతారోహకుడి బృందాన్ని టెర్రిస్ మూర్ అనే పైలట్ స్కీలు, అంటే మంచు మీద జారే పొడవాటి పలకలు, కట్టిన విమానంలో కహిల్ట్నా గ్లేసియర్ మీద దించాడు. తర్వాత డాన్ షెల్డన్ అనే టాల్కీట్నా పైలట్ ఆరోహకుల్ని దించడం, దెబ్బ తగిలినవాళ్లని తేవడం తన పనిగా పెట్టుకున్నాడు, 1966లో రూత్ గ్లేసియర్ మధ్య ఒక రాతి గుట్ట మీద చిన్న ఇల్లు కట్టాడు. ఆ ఇల్లు ఇప్పటికీ ఉంది, పైలట్లు చూపిస్తారు.

విమానాలు కూడా ఈ పనికోసమే పుట్టినవి. బీవర్, ఆటర్ అనే ఈ రెండూ కెనడాలో డి హావిలాండ్ కంపెనీ తయారుచేసినవి, బీవర్ 1947లో, ఆటర్ 1951లో మొదటిసారి ఎగిరాయి. అంత పాతవా అని భయపడకండి, తక్కువ వేగంలో కూడా స్థిరంగా ఎగరడం, చాలా తక్కువ దూరంలో లేవడం, దిగడం వీటి గుణం. చాలా ఆటర్లకి తర్వాత కొత్త టర్బైన్ ఇంజిన్లు పెట్టారు.

మనం చేయగలిగింది ఒకటే, చాలా ముఖ్యమైనది: రద్దు చేస్తామన్నప్పుడు, ల్యాండింగ్ ఈ రోజు వద్దన్నప్పుడు, వాదించకండి, బతిమాలకండి. “అంత దూరం నుంచి వచ్చాం, ఒక్కసారి చూడండి” అని కౌంటర్ దగ్గర అడుగుతున్నవాళ్లని చూశాను. వెనక్కి తిరగడానికి పైలట్‌కి ఏ మొహమాటమూ ఉండకూడదు. ఖాళీ రోజులు ఉంచుకోమని పదే పదే అంటున్నది ఇందుక్కూడా.

కడుపులో తిప్పుతుందా?

కొందరికి తిప్పుతుంది. కారులో ఘాట్ రోడ్డు మీద వాంతులయ్యేవాళ్లు అరగంట, గంట ముందే మాత్ర వేసుకోవాలి, అమెరికా మందుల షాపుల్లో ప్రిస్క్రిప్షన్ లేకుండా దొరికేవి ఉన్నాయి. వేరే మందులు వాడేవాళ్లు డాక్టర్‌ని అడగండి. ఖాళీ కడుపుతోనూ వెళ్లొద్దు, నిండుగా తినీ వెళ్లొద్దు. ఎగురుతున్నంతసేపు కెమెరా తెరలోకే చూస్తూ కూర్చుంటే ఎక్కువ తిప్పుతుంది, దూరంగా కొండల వైపు చూడండి. ప్రతి సీటు దగ్గరా కవరు ఉంటుంది. మా అమ్మకి అరకు ఘాట్‌లోనే తట్టుకోవడం కష్టం, మాత్ర వేసుకుని హాయిగా కూర్చుంది.

మంచు మీద విమానం ఎలా దిగుతుంది?

నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇది, కొంచెం వివరంగా చెప్పనివ్వండి.

ఈ విమానాలకి చక్రాలూ ఉంటాయి, స్కీలూ ఉంటాయి. ఊళ్లో రన్‌వే మీద నుంచి చక్రాలతో లేస్తుంది. గాల్లో ఉండగా పైలట్ ఒక పంపుతో స్కీలని కిందికి దించుతాడు, అవి చక్రాల కంటే కిందికి వస్తాయి. మంచు మీద ఆనేది స్కీలే. కిటికీలోంచి చూస్తే ఇది కనిపిస్తుంది, చూడండి.

గ్లేసియర్ బల్లపరుపుగా ఉండదు, వాలుగా ఉంటుంది. కాబట్టి ఎగువకి దిగుతారు, వాలు విమానాన్ని ఆపుతుంది. దిగువకి లేస్తారు, వాలే వేగం ఇస్తుంది. స్కీలకి బ్రేకులు ఉండవు. అందుకే దిగిన తర్వాత విమానం ఆగకుండా పెద్ద వంపు తిరిగి వాలుకి అడ్డంగా నిలబడుతుంది.

ఆకాశం మబ్బుగా ఉంటే ఒక ఇబ్బంది వస్తుంది. పైన తెలుపు, కింద తెలుపు, నీడ లేదు. అలాంటి వెలుతురులో మంచు ఎంత కింద ఉందో, పది అడుగులో వంద అడుగులో, ఎంత అనుభవం ఉన్న కంటికైనా తెలియదు. అంతకుముందు దిగిన విమానాల స్కీ గీతలు, పక్కన రాతి గోడలు ఆనవాలుగా ఉంటే దిగుతారు, లేకపోతే దిగరు. ఎగరడానికి అంతా బాగానే ఉన్నా ల్యాండింగ్ మాత్రం రద్దు చేశారంటే కారణం చాలాసార్లు ఇదే. అప్పుడు ల్యాండింగ్ డబ్బు వెనక్కి ఇస్తారా అని బుక్ చేసేటప్పుడే అడిగి ఉంచుకోండి.

ఆనినప్పుడు కుదుపు ఉంటుందనుకున్నాను. లేదు. మెత్తటి ఇసుకలో పడవ ముక్కు ఆనినట్టు ఉంది, తర్వాత ఇంజిన్ ఆపేశారు.

దిగాక ఎంతసేపు ఉంటాం? ఏం చేస్తాం?

పదిహేను, ఇరవై నిమిషాలు. తక్కువే అనిపిస్తుంది. సగం సమయం ఫొటోలకే పోతుంది, అందుకని మొదటి రెండు నిమిషాలు ఫోన్ జేబులోనే ఉంచి ఊరికే నిలబడండి. ఇంజిన్ ఆగాక వచ్చే నిశ్శబ్దం అలాంటిది. దూరంగా ఎక్కడో మంచు జారిన చప్పుడు ఉరుములా వినిపిస్తుంది, అంతే.

పైలట్ చూపించిన మేర దాటి వెళ్లకండి. పైన మెత్తగా కనిపించే మంచు కింద లోతైన పగుళ్లు ఉండొచ్చు.

చలి ఎక్కువా? ఏం వేసుకోవాలి? చీర కుదురుతుందా?

ఎండగా ఉన్న జూన్ రోజున అనుకున్నంత చలి ఉండదు, స్వెటర్, గాలి ఆపే జాకెట్ చాలు. మబ్బుంటే ఇంకో పొర కావాలి. బూట్ల పైన వేసుకునే మంచు బూట్లు వాళ్లే ఇస్తారు. నల్ల కళ్లద్దాలు తప్పనిసరి, మంచు మీద పడిన ఎండ కళ్లలోకి నేరుగా కొడుతుంది, అవి లేకుండా కళ్లు తెరిచి ఉంచలేరు. మొహానికి సన్‌స్క్రీన్ కూడా రాసుకోండి.

చీర మాత్రం వద్దు. నిచ్చెన మెట్లు ఎక్కాలి, పైన గాలి ఉంటుంది, ఆ మంచు బూట్లు చీర కుచ్చిళ్ల మీద కుదరవు. మా అమ్మ ముందు ఒప్పుకోలేదు, చివరికి పంజాబీ డ్రస్ లోపల థర్మల్స్ వేసుకుని వచ్చింది. చాలా హాయిగా ఉందంది.

అమ్మానాన్నలకి డెబ్బై దగ్గర పడుతోంది. తీసుకెళ్లొచ్చా?

నాలుగు మెట్ల నిచ్చెన పట్టుకుని ఎక్కగలిగితే వెళ్లొచ్చు. మోకాళ్ల నొప్పులుంటే ముందే చెప్పండి, పైలట్లు చెయ్యి పట్టుకుని ఎక్కిస్తారు, ఓపిగ్గా ఉంటారు. ల్యాండింగ్ చోటు ఎక్కువగా ఐదున్నర, ఆరు వేల అడుగుల ఎత్తులోపే ఉంటుంది, అంటే మన ఊటీ కంటే తక్కువ. ఊపిరి సమస్య సాధారణంగా రాదు.

శిఖరం ఫ్లైట్ వేరు. ఈ విమానాల్లో లోపలి గాలి ఒత్తిడిని సర్దే ఏర్పాటు ఉండదు, పెద్ద విమానాల్లాగా కాదు. అమెరికా నిబంధనల ప్రకారం 15,000 అడుగులు దాటితే లోపలున్న ప్రతి ఒక్కరికీ ఆక్సిజన్ ఉండాలి, అందుకే మాస్కులు. గుండె జబ్బు, ఉబ్బసం, అదుపులో లేని బీపీ ఉన్నవాళ్లు డాక్టర్ సరే అనకుండా ఆ ఫ్లైట్ జోలికి వెళ్లొద్దు.

ఇంకో విషయం, పెద్దవాళ్లకి ఆ హెడ్‌సెట్‌లో పైలట్ ఇంగ్లీషు ఇంజిన్ హోరులో సరిగా అర్థం కాదు. ఏ కొండ ఏదో, ఏ గ్లేసియర్ ఏదో ముందు రోజు రాత్రి మ్యాప్ పెట్టి తెలుగులో చెప్పి ఉంచండి. నాన్న ఆ మ్యాప్ మడత పెట్టి జేబులో పెట్టుకుని, పైన ఒక్కో గ్లేసియర్‌నీ వేలితో చూపిస్తూ అమ్మకి చెప్పారు.

పిల్లలు?

రెండేళ్లలోపు పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకోవచ్చని నిబంధన ఉంది, కానీ కంపెనీని బట్టి మారుతుంది, అడగండి. నా అభిప్రాయంలో ఐదారేళ్లు దాటాకే తీసుకెళ్లాలి, హెడ్‌సెట్ చెవుల మీద గంటసేపు ఉంచుకోగలగాలి.

బరువు అడుగుతారట, నిజమేనా?

అడుగుతారు, కొన్నిచోట్ల తూస్తారు కూడా. బట్టలతో, కెమెరా బ్యాగ్‌తో కలిపి ఉన్నదున్నట్టు చెప్పండి. ఎవరు ఎక్కడ కూర్చోవాలో, ఎంత ఇంధనం నింపాలో దాన్ని బట్టే లెక్క కడతారు. ఇందులో సిగ్గుపడాల్సింది లేదు, తగ్గించి చెప్పడం మాత్రం అందరికీ ప్రమాదం. భార్యాభర్తల్ని వేర్వేరుగా కూర్చోబెట్టినా అందుకే, అలగకండి.

ఏ వైపు సీటు మంచిది?

ఏదైనా ఒకటే. ఆటర్‌లో దాదాపు అందరికీ కిటికీ ఉంటుంది, పైలట్ రెండు వైపులా తిప్పి చూపిస్తారు.

పైనుంచి ఏమేం కనిపిస్తాయి?

ముందు చదునైన అడవి, పాయలు పాయలుగా చీలిన నదులు. ఒక్కోసారి చెరువుల్లో మూస్ జింకలు. తర్వాత గ్లేసియర్ చివరి భాగం వస్తుంది, అది అందంగా ఉండదు, రాళ్లూ మట్టీ కప్పుకుని గని తవ్విన చోటులా ఉంటుంది. ఇదేనా అనుకోకండి. పైకి వెళ్లేకొద్దీ మంచు బయటపడుతుంది, దాని మీద పొడవునా నల్లటి చారలు, రైలు పట్టాల్లా. రెండు గ్లేసియర్లు కలిసినప్పుడు వాటి అంచుల్లో ఉన్న రాళ్లు మధ్యలోకి చేరి అలా చారలవుతాయి, ఎన్ని చారలుంటే అన్నిసార్లు పాయలు కలిశాయన్నమాట. అక్కడే నాకు ఇది నది అని అర్థమైంది. రూత్ గ్లేసియర్ రోజుకి సుమారు మూడడుగులు కదులుతుంది.

పగుళ్ల లోపల నీలం రంగు కనిపిస్తుంది. అది ఆకాశం నీడ కాదు, గట్టిపడిన మంచు వెలుగులోని ఎరుపుని పీల్చుకుని నీలాన్ని వదులుతుంది.

తర్వాత గ్రేట్ గార్జ్. రూత్ గ్లేసియర్ ఒక మైలు వెడల్పున్న ఇరుకులోంచి వెళ్తుంది, రెండు వైపులా నల్లరాతి గోడలు మంచు మీద నుంచి దాదాపు ఐదు వేల అడుగులు నిలువుగా లేస్తాయి. మన తూర్పు కనుమల్లో అతి ఎత్తైన శిఖరాలు సముద్రమట్టం నుంచి ఐదున్నర వేల అడుగులు. దాదాపు అంత ఎత్తునీ ఒక్క గోడగా, చెట్టూ చేమా లేకుండా, మీ కిటికీ పక్కనే ఊహించుకోండి. విమానం ఆ రెండు గోడల మధ్యలోంచి వెళ్తుంది. రెక్క గోడకి తగులుతుందేమో అనిపిస్తుంది, నిజానికి చాలా దూరం ఉంటుంది. చెట్టు గానీ ఇల్లు గానీ లేని చోట కన్ను దూరాన్ని కొలవలేదు. కింద మంచు మీద ఎర్రటి చుక్క ఒకటి కనిపించింది, అదేంటని అడిగితే అప్పటికే దిగి ఉన్న ఇంకో విమానం అన్నారు. అప్పుడు తెలిసింది ఆ లోయ ఎంతో.

గార్జ్ దాటితే మంచుతో నిండిన పెద్ద గిన్నెలా షెల్డన్ యాంఫిథియేటర్, ఎక్కువగా దిగేది అక్కడే. పడమటి వైపు తీసుకెళ్తే కహిల్ట్నా గ్లేసియర్, 44 మైళ్ల పొడవు, దాని ఒక పాయలో 7,200 అడుగుల ఎత్తున ఆరోహకుల బేస్‌క్యాంపు. ఏటా వెయ్యి మంది దాకా అక్కడి నుంచి ఎక్కడం మొదలుపెడతారు, సుమారు సగం మందే పైకి చేరతారు. 1913 జూన్ 7న మొదటిసారి శిఖరం మీద అడుగుపెట్టిన వాల్టర్ హార్పర్ ఆ నేలకి చెందిన అథబాస్కన్ యువకుడు. వాళ్ల బృందానికి విమానం లేదు, కుక్కబండ్లతో నెలల తరబడి నడిచి వచ్చారు. డెనాలీ పక్కన 17,400 అడుగుల ఫోరాకర్ ఉంది, స్థానికులు దాన్ని సుల్తానా అంటారు, ఆ మాటకి అర్థం స్త్రీ, డెనాలీ భార్య అని చెప్పుకుంటారు. ఈ పేరు విన్నాక అమ్మకి ఆ కొండ మీదే ఎక్కువ ఇష్టం ఏర్పడింది.

ఫొటోలు బాగా రావాలంటే?

ముదురు రంగు చొక్కా వేసుకోండి, తెల్ల చొక్కా కిటికీలో ప్రతిబింబిస్తుంది. లెన్స్‌ని కిటికీకి దగ్గరగా పెట్టండి, ఆనించొద్దు, ఇంజిన్ అదురు ఫొటోలోకి వస్తుంది. లెన్స్ మీద పోలరైజర్ ఫిల్టర్ ఉంటే తీసేయండి, ఆ ప్లాస్టిక్ కిటికీలో రంగు చారలు పడతాయి. జూమ్ కంటే వెడల్పు లెన్సే పనికొస్తుంది, ఫోన్ చాలు.

డ్రోన్ ఎగరేయొచ్చా?

లేదు. నేషనల్ పార్కుల్లో నిషేధం.

పైలట్‌కి టిప్ ఇవ్వాలా?

తప్పనిసరి కాదు, చాలామంది ఇస్తారు. నచ్చితే ఇవ్వండి.

శాకాహారులకి తిండి దొరుకుతుందా?

బ్రెడ్డు, పిజ్జా, సూపు, కేకులు దొరుకుతాయి. అన్నం లేకపోతే ఉండలేనివాళ్లు యాంకరేజ్‌లోనే సరుకులు కొనుక్కుని, వంటగది ఉన్న గది తీసుకోండి. మేం రైస్ కుక్కర్, గోంగూర పచ్చడి తీసుకెళ్లాం. రద్దయిన రోజు వానలో అదే మా భోజనం.

కాఠ్మండూ నుంచి ఎవరెస్ట్ ఫ్లైట్ ఉంది కదా, అది చాలదా?

ఇండియాలో ఉన్నవాళ్లకి అదే మంచిది, వీసా అక్కర్లేదు, ఖర్చూ తక్కువ. పొద్దున్నే గంటసేపు హిమాలయాల పక్కగా తీసుకెళ్తారు, ప్రపంచంలోకెల్లా ఎత్తైన కొండని కళ్లతో చూడటం చిన్న విషయం కాదు. కానీ అది పెద్ద విమానం, వరుసగా ఉన్న శిఖరాలని దూరం నుంచి చూపిస్తుంది, దిగడం ఉండదు. ఇక్కడ కొండల లోపలికి వెళ్తాం. అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వేసవిలో వస్తున్న తల్లిదండ్రులకైతే డెనాలీయే చెప్తాను, ఎలాగూ అంత దూరం వచ్చారు.

ఫ్లైట్ అయిపోయాక ఆ రోజు ఇంకేం చేయొచ్చు?

ఇంకేదీ బుక్ చేసుకోకండి. ఊరి ప్రధాన వీధి చివరికి పది నిమిషాలు నడిస్తే నది ఒడ్డు వస్తుంది. టాల్కీట్నా, సుసిట్నా, చులిట్నా అనే మూడు నదులు అక్కడ కలుస్తాయి. ఆకాశం తేరుకుంటే అక్కడి నుంచి డెనాలీ, ఫోరాకర్, హంటర్ కొండలు మూడూ వరుసగా కనిపిస్తాయి, ఇందాక మీరు వాటి మధ్య ఉన్నారు. నీళ్లు సిమెంటు కలిపినట్టు బూడిద రంగులో ఉంటాయి, గ్లేసియర్ కదులుతూ రాతిని పిండిగా నూరి పంపిన రంగు అది. రూత్ గ్లేసియర్ కరిగిన నీళ్లు చులిట్నాలో కలిసి అక్కడికే వస్తాయి. నాన్నకి ఆ సంగతి చెప్పాను. ఆయన ఒడ్డున కూర్చుని నీళ్లలో చెయ్యి పెట్టి, చల్లదనానికి వెంటనే తీసేసి, మళ్లీ పెట్టారు. రాత్రి తొమ్మిదైంది, ఇంకా ఎండ ఉంది.